‘మీ కోసం’ పేజీ నల్గొండలో ఎలా పనిచేస్తోంది: ఒక చందాదారు సమీక్ష

ఒక తెలుగు వార్తా సంస్థ తన వెబ్‌సైటులోనూ యాప్‌లోనూ అందరికీ ఒకే మొదటి పేజీ చూపించే పద్ధతిని పక్కనపెట్టి, దాని స్థానంలో ‘మీ కోసం’ అనే పేజీని తెచ్చింది. పాఠకుడు ఏ వార్త తెరిచాడు, దాని మీద ఎంతసేపు నిలిచాడు, దేన్ని చదవకుండానే దాటవేశాడు అన్న వివరాలను గమనించి, ఎవరి పేజీని వారికి విడిగా కూర్చి ఇవ్వడం దీని ఉద్దేశం. చందా కట్టినవారికి ప్రకటనలు తగ్గుతాయని, వార్తలు వారి అవసరాలకు మరింత దగ్గరగా ఉంటాయని సంస్థ చెబుతోంది. నేను నల్గొండలో ఉంటూ వానాకాలం మొదలైనప్పటి నుంచి దీన్ని ఫోనులోనూ కంప్యూటరులోనూ వాడుతున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే మంచిచెడ్డలు ఇలాంటి పేజీ నడుపుతున్న చాలా సంస్థల్లో ఉన్నవే కాబట్టి, పద్ధతిని గురించి మాట్లాడుకోవడమే చదివేవారికి ఉపయోగం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ పేజీ మన గురించి ఊహించే చోటల్లా తప్పటడుగు వేస్తోంది, మనల్ని అడిగి తెలుసుకునే ఒక్క చోట మాత్రం నిజంగా పనికొస్తోంది. దక్షిణ తెలంగాణ జిల్లాల్లో మనుషులు బతికే తీరుకూ, ఫోన్లు వాడే తీరుకూ ఈ ఊహలు సరిపడవు. ఎందుకు సరిపడవో చెప్పడానికే ఈ సమీక్షలో ఎక్కువ భాగం తీసుకుంటున్నాను.

ముందు ఊరి సంగతి. ఫోనులో లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే, మన ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉన్న ఐపీ చిరునామాను బట్టి మనం ఎక్కడున్నామో ఈ సైటు అంచనా వేస్తుంది. మొబైల్ కంపెనీలు ఒకే ఐపీ చిరునామాను ఎన్నో ఫోన్లకు కలిపి వాడతాయి, పైగా ఆ చిరునామాలు చాలావరకు పెద్ద నగరం పేరు మీదనే నమోదై ఉంటాయి. అందువల్ల దేవరకొండలో ఉన్నా, హాలియాలో ఉన్నా, నల్గొండ క్లాక్‌టవర్ దగ్గర నిలబడి ఉన్నా, సైటు లెక్కలో మనం హైదరాబాదు వాళ్ళమే. కృష్ణకు వరద వచ్చి నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన రోజున నా పేజీ ఎలా ఉందో చెబితే విషయం అర్థమవుతుంది. అన్నిటికన్నా పైన హైదరాబాదులో సాయంత్రం వాన పడే సూచన, దాని కింద మెట్రో రైలు వేళల్లో మార్పు, ఆ తరువాత కోకాపేటలో అపార్ట్‌మెంట్ల ప్రకటన, దాని కింద ఒక నటుడి పెళ్ళి కబురు. సాగర్ వార్త వీటన్నిటికీ దిగువన, వేలితో చాలాసేపు జరిపితే గానీ కనిపించని చోట ఉంది. సాగర్ డ్యాముకు 26 క్రస్ట్ గేట్లు ఉన్నాయి. వాటిలో ఎన్ని ఎత్తారు, ఎంత నీరు వదులుతున్నారు, ఎడమ కాల్వకు ఏ తేదీ నుంచి ఇస్తారు అన్నది ఈ జిల్లాలో నాట్లకు సిద్ధమవుతున్న ప్రతి ఇంటికీ ఆ రోజు మొదటి వార్త.

లొకేషన్ అనుమతి ఇస్తే ఈ ఇబ్బంది కొంత తీరుతుంది. అయితే ఆ అనుమతిని యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే కాకుండా ఎల్లవేళలా ఇవ్వమని అడుగుతున్నారు. జిల్లా వార్తలు చూపించడానికి నేను రోజంతా ఎక్కడెక్కడ తిరిగానో తెలియవలసిన అవసరం ఏమిటో ఆ కోరికతో పాటు వివరించలేదు. నేను అనుమతి ఇవ్వలేదు.

అనుమతి ఇచ్చినా తీరని చిక్కు మరొకటి ఉంది, అది సరిహద్దు ఊళ్ళది. అలంపూర్ ప్రాంతం వాళ్ళకు ఆసుపత్రికైనా, బట్టలకైనా, మార్కెట్ యార్డుకైనా తుంగభద్ర దాటితే వచ్చే కర్నూలే దగ్గర. గద్వాలలో ఉండే మా బంధువు ఒకరు ఇదే పేజీ వాడుతున్నారు. ఆయనకు కర్నూలు మార్కెట్లో వేరుశనగ ధర కావాలి, అక్కడి పెద్దాసుపత్రి వార్తలు కావాలి. ఈ పేజీ మాత్రం రాష్ట్రం గీత దగ్గర ఆగిపోయి ఆయనకు తెలంగాణ రాజకీయాలే వడ్డిస్తోంది. కృష్ణకు అటు మాచర్ల వైపు, ఇటు సాగర్ వైపు ఉన్న ఊళ్ళవాళ్ళకూ ఇదే అనుభవం. జిల్లాల జాబితా కూడా పాతదే. 2016 అక్టోబరులో ఉమ్మడి నల్గొండ మూడు జిల్లాలైంది, ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడివడ్డాయి, 2019లో నారాయణపేట వచ్చింది. ఇన్నేళ్ళు గడిచినా సైటులోని కొన్ని విభాగాల్లో ఇప్పటికీ పాత ఉమ్మడి జిల్లాల పేర్లే నడుస్తున్నాయి. పాఠకుడి మనసు చదవగలనని చెప్పే సేవ ముందుగా అతని జిల్లా పేరు సరిచేసుకోవాలి.

వలస వెళ్ళిన వాళ్ళ సంగతి ఇంకా బాధాకరం. పాలమూరు నుంచి ముంబై, పుణె వైపు పనులకు వెళ్ళిన కుటుంబాలూ, నల్గొండ వైపు నుంచి భివండీ, షోలాపూర్ మగ్గాలకు వెళ్ళి స్థిరపడిన చేనేత కుటుంబాలూ ఎన్నో ఉన్నాయి. వాళ్ళ ఫోను ఉన్న చోటు మహారాష్ట్ర, వాళ్ళకు కావలసిన వార్త సొంత ఊరిది. ఊళ్ళో రేషన్ కార్డుల సర్వే ఎప్పుడు, పెన్షన్లు పడ్డాయా, కురుమూర్తి జాతర ఏ తేదీన, బోర్లలో నీళ్ళున్నాయా అన్నవి వాళ్ళకు అక్కర. ఫోను ఎక్కడుందో కనిపెట్టడమే తెలివి అనుకునే సాంకేతికత వీళ్ళకు పుణె ట్రాఫిక్ వార్తలు చూపిస్తుంది. వార్తలు ఎవరికి వారికి కూర్చి ఇవ్వడం అనే ఆలోచన వల్ల అందరికన్నా ఎక్కువ మేలు పొందగలిగింది వీళ్ళే. ఈ సేవ ప్రస్తుతం వాళ్ళను లెక్కలోకే తీసుకోవడం లేదు.

ఇక రెండో పెద్ద ఊహ, ఒక ఫోను అంటే ఒక మనిషి అన్నది. జడ్చర్ల దగ్గర మా చెల్లెలి అత్తవారింట్లో నెట్ ప్యాక్ ఉన్న మంచి ఫోను ఒక్కటే ఉంటుంది. పొద్దున బావ దాంట్లో పత్తి ధర, లారీ కిరాయిల సంగతులు చూస్తాడు. ఆయన పనికి వెళ్ళే ముందు దాన్ని ఇంట్లో పెట్టి చిన్న ఫోను తీసుకెళతాడు. పగలంతా చెల్లెలి ఆడబిడ్డ గ్రూప్-2 పరీక్షకు కరెంట్ అఫైర్స్ చదువుకుంటుంది, సాయంత్రం పిల్లలు ఆటల వీడియోలు చూస్తారు, రాత్రి అత్తమ్మ ఒగ్గుకథ పెట్టించుకుని వింటుంది. వీళ్ళందరినీ కలిపి ఈ సైటు ఒకే వ్యక్తిగా కడుతోంది. అందుకే ఆ ఫోనులో పరీక్షల నోటిఫికేషన్ పక్కన కార్టూన్లు, వాటి పక్కన మోకాళ్ళ నొప్పుల నూనె కనిపిస్తాయి. ఆ అమ్మాయికి కావలసిన నోటిఫికేషన్ ఆఖరి తేదీ దగ్గరపడ్డాక గానీ పైకి రాలేదని చెల్లెలు చెప్పింది. నెట్‌ఫ్లిక్స్ 2013లోనే ఒకే ఖాతాలో ఇంటిల్లిపాదికీ విడివిడి ప్రొఫైళ్ళు పెట్టుకునే వీలు కల్పించింది. సినిమాలకు అవసరమనిపించిన ఆ ఏర్పాటు చదువుకూ వార్తలకూ అంతకన్నా అవసరం. ఈ సైటులో ఇప్పటికీ అది లేదు.

ఈ సాంకేతికత మొదలైన తీరు తెలిస్తే, ప్రస్తుత లోపం పుట్టుకతో వచ్చింది కాదని అర్థమవుతుంది. 1994లో ఎంఐటీ, మిన్నెసోటా విశ్వవిద్యాలయాల పరిశోధకులు గ్రూప్‌లెన్స్ అనే పద్ధతిని తయారుచేశారు. అప్పట్లో యూజ్‌నెట్ అనే చర్చావేదికలో వచ్చి పడే వేలకొద్దీ వ్యాసాల్లోంచి ఎవరికి ఏది నచ్చుతుందో చెప్పడం దాని పని. పాఠకులే చదివిన వ్యాసానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేసేవారు, వాళ్ళలాగే మార్కులు వేసిన ఇతరులు మెచ్చిన వ్యాసాలను అది సూచించేది. అంటే అక్కడ పాఠకుడి మాటే ఆధారం. ఆ తరువాత అమెజాన్ తన పద్ధతిని 2003లో ఒక పరిశోధన వ్యాసంగా వివరించింది. అందులో ఒక వస్తువు కొన్నవారు ఇంకేం కొన్నారన్నది ఆధారం. కొనడం కూడా ఆలోచించి చేసే పనే. సోషల్ మీడియా పెరిగాక మాత్రం వేలు ఎక్కడ ఆగింది, ఎన్ని క్షణాలు ఆగింది అన్న సూచనల బరువు పెరిగింది. ఆగిన ప్రతిచోటా ఇష్టం ఉందన్న నిర్ణయానికి యంత్రం వచ్చేసింది. మనిషి భయంతోనూ ఆగుతాడు, బాధతోనూ ఆగుతాడు, కళ్ళజోడు వెతుక్కుంటూనూ ఆగుతాడు.

దీనికి నా పేజీలోనే స్పష్టమైన ఉదాహరణ ఉంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల ఫ్లోరైడ్ గురించి వచ్చిన ఒక కథనాన్ని పూర్తిగా చదివాను. తాగునీటిలో ఎక్కువై ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ నల్గొండ వాళ్ళకు తరతరాల ప్రజా సమస్య. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించినప్పుడు దానికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లోనే నిలబెట్టారు. ఈ జిల్లాలో పుట్టినవారు ఎవరైనా ఆ కథనం చదువుతారు. కాని ఆ మరునాటి నుంచి నా పేజీ నిండా ఎముకల ఆసుపత్రులు, కీళ్ళ నొప్పుల మాత్రలు, ఆయుర్వేద తైలాలు వచ్చి కూర్చున్నాయి. ఒక పౌరుడిగా చదివిన దాన్ని ఈ సేవ నా రోగంగా నమోదు చేసుకుంది. ఇది నన్ను నిజంగా కలవరపెట్టింది. నిజంగా ఆ వ్యాధితో బాధపడుతున్న వ్యక్తి ఇంట్లో, పిల్లలు చూసే ఫోనులో ఇవే ప్రకటనలు వరుసగా వస్తుంటే ఆ ఇంటికి ఎలా ఉంటుందో ఈ పేజీ తయారుచేసినవారు ఆలోచించాలి.

చట్టం సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి, సంస్థల ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఈ చట్టం ప్రకారం మన సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే అవకాశం ఇవ్వాలి, వాటిలో తెలుగు ఒకటి. 18 ఏళ్ళలోపు పిల్లల ప్రవర్తనను వెంబడించి గమనించడాన్నీ, వాళ్ళను గురిపెట్టి ప్రకటనలు ఇవ్వడాన్నీ అదే చట్టం నిషేధిస్తోంది. నేను సమీక్షిస్తున్న సైటు వార్తలన్నీ తెలుగులోనే ఇస్తుంది, అనుమతి పత్రాన్ని మాత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఇచ్చింది. గడువు ఇంకా ఉందని సంస్థ అనవచ్చు. తెలుగు పాఠకుల చందాలతో నడుస్తున్న సంస్థ ఇందుకు గడువు కోసం ఎదురుచూడవలసిన పని లేదు. ఐరోపా వాళ్ళు ఇంకో అడుగు ముందున్నారు. 2022 నాటి డిజిటల్ సేవల చట్టం ప్రకారం అక్కడి అతి పెద్ద వేదికలు, మనిషి ప్రవర్తనను గమనించకుండా కూర్చిన వరుసను కూడా కనీసం ఒక ఎంపికగా చూపించాలి. అలాంటి మీట ఒకటి మనకూ కావాలి.

ఇప్పుడు మంచి సంగతికి వస్తాను. సెట్టింగ్స్ లోపల, మామూలుగా ఎవరూ వెళ్ళని మూలన, ‘నా ఎంపికలు’ అనే చోటు ఉంది. అక్కడ జిల్లాను, మండలాన్ని, పంటలను, ఉద్యోగ పరీక్షలను, వద్దనుకున్న విషయాలను మనమే ఎంచుకోవచ్చు. నేను నల్గొండ, అనుముల, నిడమనూరు పెట్టుకుని, పంటల్లో వరి, బత్తాయి గుర్తు పెట్టాను. సినిమా కబుర్లు, క్రైమ్ వార్తలు వద్దన్నాను. మరునాటి నుంచి పేజీ పూర్తిగా మారిపోయింది. ఎడమ కాల్వకు ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో, అంటే కొన్ని రోజులు ఇచ్చి కొన్ని రోజులు ఆపుతూ, నీరు ఎప్పుడెప్పుడు ఇస్తారో తేదీలతో సహా పైనే వచ్చింది. నల్గొండ మార్కెట్లో బత్తాయి టన్ను ధర, దాని కిందే ఢిల్లీకి ఎగుమతులు ఎలా ఉన్నాయో ఒక వాక్యం. ధాన్యం కొనే ఐకేపీ కేంద్రాలు తెరిచే వార్త, సన్న వడ్లలో తేమ ఎంత ఉండాలన్న సూచన. ప్రతి వార్త కింద ‘ఇది మీకు ఎందుకు చూపిస్తున్నాం’ అనే చిన్న మాట, దాన్ని నొక్కితే ‘మీరు బత్తాయి ఎంచుకున్నారు కనుక’ అన్న సమాధానం, పక్కనే తీసివేసే వీలు. తోట దగ్గర పని చేసుకుంటూ నాన్న వీటిని వినే సదుపాయం వాడుకుంటున్నారు. చదివే గొంతు స్పష్టంగా ఉంది, అంకెలను తడబడకుండా చదువుతోంది, ఊరి పేర్లలో మాత్రం కొన్నిటిని విరిచి పలుకుతోంది.

హాలియాలో ఎరువుల దుకాణానికి వెళితే, ఏ పంట, ఎన్ని ఎకరాలు, ఆకు మీద ఏం కనిపించింది అని అడిగాకే మందు చేతికిస్తారు. ‘నా ఎంపికలు’ చేసిన పని సరిగ్గా ఇదే. వాతావరణ శాఖ సమాచారంతో నడిచే మేఘదూత్ యాప్ కూడా 2019 నుంచి ఈ దారిలోనే ఉంది. జిల్లా ఏదో ఎంచుకుంటే చాలు, మంగళ, శుక్రవారాల్లో ఆ జిల్లా పంటలకు సంబంధించిన సలహాలు తెలుగులో ఇస్తుంది. మనం నిన్న ఏం చదివామన్న లెక్క దానికి అక్కరలేదు. వ్యక్తిగత కూర్పు అనగానే మనిషిని వెంబడించక తప్పదన్న వాదనకు ఇంతకన్నా జవాబు అవసరం లేదు.

మరి ఇంత పనికొచ్చే చోటును అంత లోపల ఎందుకు దాచారు? చేరిన మొదటి రోజే దీన్ని ఎదురుగా పెట్టి అడిగి ఉంటే, నేను పైన రాసిన ఫిర్యాదుల్లో సగం ఉండేవి కావు. అడిగితే పాఠకుడు విసుగుతో వెళ్ళిపోతాడన్న భయం తయారీదారులకు ఉండవచ్చు. ఊరు, పంట, చదువు, ఇంట్లో ఎందరు వాడతారు అన్న నాలుగు ప్రశ్నలకు తెలుగులో జవాబు ఇవ్వడానికి విసుగు పడే పాఠకులు ఈ జిల్లాల్లో నాకు తెలిసి తక్కువ.

రాబోయే మార్పుల్లో ఒకటి ఇప్పటికే ఈ పేజీలో ప్రయోగంగా నడుస్తోంది. అది నాకు నచ్చలేదు. ఒకే వార్తకు ఒక్కొక్కరికి ఒక్కో శీర్షికను కృత్రిమ మేధతో రాయించి చూపిస్తున్నారు. కాల్వ నీటి విడుదల వార్త నా ఫోనులో ‘ఎడమ కాల్వకు నీటి విడుదల: తేదీలు ఇవీ’ అని ఉంటే, అదే సమయంలో పక్కింటి ఆయన ఫోనులో ‘ఆయకట్టు రైతులకు ఊరటనా, ఆందోళననా?’ అని ఉంది. లోపల వార్త ఒక్కటే. నేను తేదీలు, ధరల వార్తలు ఎక్కువ తెరుస్తాను కనుక నాకు అలా, ఆయన వాదోపవాదాలు ఎక్కువ చూస్తారు కనుక ఆయనకు అలా రాసిందని మేము అనుకున్నాం. ఇద్దరం ఒకే తూము కింద పొలం చేసుకుంటున్నవాళ్ళం. వార్త నిడివిని తగ్గించి పెద్దవాళ్ళకు సులువుగా చెప్పడానికీ, చదివి వినిపించడానికీ, రేపు మన మాండలికంలోనే ప్రశ్న అడిగితే జవాబివ్వడానికీ కృత్రిమ మేధను వాడితే నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. ఏం జరిగిందో చెప్పే వాక్యాన్నే మనిషికో రకంగా మార్చడం మొదలైతే, గ్రామసభలో కూర్చున్న పదిమందికి మాట్లాడుకోవడానికి ఒకే వార్త మిగలదు. నీటి విడుదల, కరెంటు కోత, వరద హెచ్చరిక, ధాన్యం కొనుగోలు, ఎన్నికల నోటిఫికేషన్ వంటివి ఎవరి ఇష్టాయిష్టాలతోనూ పని లేకుండా, ఒకే శీర్షికతో, ఆ ప్రాంతం వారందరికీ పైనే కనిపించాలి. అమెరికా రచయిత ఎలీ పారిజర్ 2011లో ‘ఫిల్టర్ బబుల్’ అనే మాటతో హెచ్చరించినది ఏ వార్త కనిపిస్తుంది, ఏది కనిపించదు అన్నదాని గురించి. ఈ శీర్షికల ప్రయోగం కనిపించిన వార్తను కూడా విడగొడుతోంది.

మిగతా విషయాలు క్లుప్తంగా: పేజీ త్వరగా తెరుచుకుంటుంది, సిగ్నల్ బలహీనంగా ఉండే చందంపేట వైపు కూడా అక్షరాలు ముందు వచ్చి బొమ్మలు తరువాత వస్తాయి. తెలుగు అక్షరాల పరిమాణం పెంచుకోవచ్చు. చందాదారులకు ప్రకటనలు తగ్గిన మాట నిజం, పూర్తిగా పోలేదు. సహాయ కేంద్రానికి తెలుగులో రాస్తే తెలుగులోనే జవాబు వచ్చింది, జిల్లాల జాబితా సంగతి పరిశీలిస్తామన్నారు.

బత్తాయి, వరి రైతులకూ, పోటీ పరీక్షలకు చదివేవారికీ ఈ చందా ప్రస్తుతానికి దండగ కాదు. అయితే చేరగానే మొదట సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ‘నా ఎంపికలు’ నింపాలి, ‘చదివిన చరిత్ర ఆధారంగా సూచనలు’ అన్న మీటను ఆపాలి, లొకేషన్‌ను ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్నదానికి పరిమితం చేయాలి. ఆ మీట ఆపాక ఆసుపత్రుల ప్రకటనలు నా పేజీలో మెల్లగా తగ్గాయి. ఇంటికంతా ఒకే ఫోను ఉన్నవాళ్ళు, గద్వాల, అలంపూర్ వైపు వాళ్ళు, ఊరికి దూరంగా పనులు చేసుకుంటున్నవాళ్ళు ఇప్పుడే డబ్బు కట్టవద్దని నా సలహా. విడి ప్రొఫైళ్ళు, ‘సొంత ఊరు’ అని రాష్ట్రంతో సంబంధం లేకుండా పెట్టుకునే వీలు, తెలుగులో అనుమతి పత్రం అనే మూడింటినీ కోరుతూ సంస్థకు లేఖ రాశాను. చందా గడువు యాసంగి కోతలతో ముగుస్తుంది. ఆలోగా వీటిలో మొదటి రెండూ వస్తే చెల్లెలి ఇంటికి కూడా నేనే చందా కడతాను.